ఫోటో తీశాక జరిగింది రాయలేదు

ఇన్సూరెన్సు కంపెనీ తరఫు లాయరు ఫైలులోంచి ఒక పేపరు ముక్క తీసి బోనులో ఉన్న డాక్టరుగారి చేతికిచ్చాడు. విలేకరులం కూర్చునే బెంచీకి, బోనుకు మధ్య మూడు గజాల దూరం ఉంటుంది. అక్షరాలు ఆనలేదు కానీ ఫోటో గుర్తుపట్టాను. అది తీసింది నేనే. దాని పక్కనున్న వార్త రాసిందీ నేనే.

"డాక్టరుగారూ, ఈ ఫోటోలో ఉన్నదెవరండీ?"

"వెనక బెంచీల కూసున్నాయనే."

"చేతిలో ఏవుంది?"

"గొడ్డలి."

"ఎత్తాడా, దించాడా?"

"ఎత్తి ఉన్నది."

లాయరు సత్తుపల్లి వైపు మనిషి. మాట నెమ్మదిగా, మర్యాదగా ఉంటుంది. అదే ఆయన బలం. "గొడ్డలెత్తి కట్టెలు కొట్టుకునే మనిషికి రోజంతా పక్కన ఇంకో మనిషి తోడుండాలని మీరు రిపోర్టు రాశారు. ఆ తోడు మనిషి దేనికండీ, కట్టెలు మోయడానికా?"

కోర్టు హాల్లో నలుగురు నవ్వారు. డాక్టరుగారు నవ్వలేదు, కోపగించుకోలేదు. కళ్ళజోడు తీసి ఫోటోను దగ్గరగా పట్టుకుని చూశారు.

"ఎత్తడానికి చేతులు చాలు వకీలుసాబ్. ఇగ చాలు, దించాలె అని తోచడానికి నుదురు వెనకాల ఉండే మెదడు కావాలె. ఈయనకు దెబ్బ తగిలింది గక్కడనే. ఎత్తింది ఫోటోల కనబడ్తున్నది. ఎవరు ఎత్తమన్నరు, ఎట్ల దించిండు అన్నది కనబడ్తలేదు. అది ఫోటో తీసిన మనిషిని అడగాలె."

జడ్జిగారు తలెత్తి, "తీసిందెవరో తెలుసా?" అని అడిగారు.

బాధితుడి తరఫు లాయరు లేచాడు. "పేరు లేదు సార్. మా ప్రతినిధి అని మాత్రమే ఉంది. రాసినవాళ్ళను పిలిపించకుండా దీన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి వీల్లేదు."

"పేపరువాళ్ళు అబద్ధాలు రాస్తారా సార్?" అన్నాడు ఇన్సూరెన్సు లాయరు. మళ్ళీ నవ్వులు.

ఆ ప్రతినిధి మూడు గజాల దూరంలో చేతిలో పెన్నుతో కూర్చుని ఉన్నాడు. లేచి నిలబడలేదు. తల వంచి నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటున్నట్టు నటించాడు. పేపరు పనిలోకి కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఈ సంగతి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మన పనిలో తప్పులు రాయడం వల్లే జరుగుతాయనుకుంటాం. నా అతి పెద్ద తప్పు రాయకపోవడం వల్ల జరిగింది.

కేసు చిన్నదే. చర్ల అవతల అడవిలో ఉన్న ఊరి నుంచి కోయ దంపతులు ఇద్దరు మిర్చి ఏరడానికి ఖమ్మం పక్కకు వచ్చారు. సాయంత్రం పని ముగించుకుని రోడ్డు వెంట గుడిసెకు నడిచి వస్తుంటే, మార్కెట్ యార్డుకు బస్తాలు తీసుకెళ్తున్న లారీ భర్తను కొట్టేసింది. ఖమ్మంలో ఆపరేషన్ అయింది. బతికాడు, నడిచాడు, ఇంటికి వెళ్ళాడు. చేతులు, కాళ్ళు, చూపు, మాట అన్నీ ఉన్నాయి. చూసినవాళ్ళు ఆయనకు ఏ లోటూ ఉందనుకోరు.

ఆమెకు మాత్రం తెలుసు. ఖమ్మంలో వాహన ప్రమాదాల పరిహారం కేసులు చూసే కోర్టులో ఆమె అడిగింది ముఖ్యంగా ఒకటే: నా భర్తను ఒంటరిగా వదిలిపెట్టడానికి లేదని కాగితం మీద ఒప్పుకోండి, నేను కూలికి పోయినప్పుడు ఆయన దగ్గర ఒక మనిషిని పెట్టుకునే ఏర్పాటు చేయండి. కోర్టు ఒప్పుకోకపోతే ఆమె కూలి మానేసి ఇంట్లో కూర్చోవాలి, లేదా ఆయనను దేవుడికి వదిలేసి పోవాలి.

మెదడు దెబ్బ కేసుల్లో ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది. కాలు పోతే జడ్జిగారికి కనిపిస్తుంది. తోచడం, ఆపడం, జాలిపడడం పోతే కనిపించదు. కనిపించనిదాన్ని చూపించడానికి న్యూరోసర్జన్ కావాలి. ఆపరేషన్ చేసిన డాక్టరు వేరే ఊరికి వెళ్ళిపోయాడు, సమన్లకు జవాబివ్వలేదు. కోర్టు పేరు చెప్తే చాలామంది డాక్టర్లకు ఆ రోజే ఆపరేషన్లు ఉంటాయి. చివరికి వరంగల్ నుంచి ఈ పెద్దాయన వచ్చారు. ప్రభుత్వ దవాఖానాలో రిటైరయ్యారు. బస్సులో వచ్చి, బస్సులో పోతారు. రిపోర్టు రాసే ముందు ఆ మనిషితో ఒక పూటంతా కూర్చున్నారని తరువాత తెలిసింది.

ఆ ఉదయం కోర్టు వరండాలో నా కళ్ళ ముందే బాధితుడి లాయరు ఆయనను బతిమాలాడు. "సార్, ముందు ముందు ఫిట్స్ వస్తయని కూడా ఒక ముక్క కలపండి. కేసు గట్టిగుంటది."

"వస్తయో రావో నాకు తెల్వదు."

"రావొచ్చు అనండి సార్."

"రాకపోవచ్చు అని కూడా అనాల్సొస్తది మరి. అంటా?"

తనను పిలిపించినవాళ్ళకు కూడా అనుకూలంగా ఒక్క మాట ఎక్కువ చెప్పని సాక్షిని నేను నా ఉద్యోగంలో అరుదుగా చూశాను. అలాంటి మనిషి ముందుకు నా వార్త వెళ్ళింది.

ఆ వార్త సంగతి చెప్పాలి. ఈ విచారణకు రెండేళ్ళ ముందు చర్ల మండలంలో రోడ్ల మీద కథనం కోసం వెళ్ళాను. మా మండల విలేకరి బండి మీద తిప్పాడు. పోలీసు క్యాంపు దగ్గర బ్యాగు విప్పి చూపించి, కెమెరా ఎందుకో చెప్పి, ఎర్రమట్టిలో జారుతూ పోతుంటే అతను అన్నాడు.

"అన్నా, ఖమ్మంల లారీ కొట్టి తలకాయ ఆపరేషన్ అయినాయన ముందటి ఊర్లనే ఉన్నడు. మంచిగైండట. పోదామా?"

అప్పట్లో మా పేపరు ప్రతి సోమవారం జిల్లా పేజీలో ఒక మంచి వార్త వేయాలని నియమం పెట్టింది. చెడ్డ వార్తలు వాటంతట అవే వస్తాయి, మంచివి వెతుక్కోవాలి. ఒక బస్సు ఖర్చులో రెండు కథనాలు వస్తాయని సంతోషంగా వెళ్ళాను.

ఆయన చూరు కింద కూర్చుని ఉన్నాడు. గట్టి మనిషి. నుదుటి మీద నుంచి చెవి దాకా మచ్చ. ఆమె వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తోంది.

"ఎట్లున్నవ్?" అని అడిగాను.

"బాగున్న."

"తలనొప్పి గిట్ల వస్తదా?"

"బాగున్న."

"పనికి పోతున్నవా?"

"బాగున్న."

మూడుసార్లూ నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఒకే మాట మూడు వేర్వేరు ప్రశ్నలకు వచ్చిందని నాకు అనుమానం రాలేదు. నాకు కావలసిన మాట దొరికింది మరి. ఆమె చేట పక్కన పెట్టి దగ్గరికొచ్చింది.

"చెప్తే చేస్తడు సారూ. చెప్పకపోతే చెయ్యడు."

"మా ఇండ్లల్ల చెప్పినా చెయ్యరమ్మా," అన్నాను. మా మండల విలేకరి పడిపడి నవ్వాడు. ఆమె నవ్వలేదు. నేను ఆ మాటను వార్తలో వాడుకున్నాను, భార్య చెప్పిందల్లా చేసే భర్త అని ఒక చమత్కారంగా. ఆమె తన బతుకులోని మొత్తం కష్టాన్ని రెండు వాక్యాల్లో చెప్పింది. డాక్టరుగారి ఆరు పేజీల రిపోర్టులో ఉన్నదీ అదే.

ఇక ఫోటో. మన పనిలో రాయని నియమాలు కొన్ని ఉన్నాయి. రైతు ఫోటో అయితే తల మీద తువ్వాలు ఉండాలి. ముసలమ్మ అయితే చేతికర్ర. అడవి ఊరి మనిషి అయితే విల్లో గొడ్డలో పట్టుకోవాలి. ఆయన చేతులు ఖాళీగా ఉన్నాయి. గొడ్డలి లేదా అని అడిగాను.

"అది ఆయన చేతికి ఇస్తలేను సారూ," అంది ఆమె.

"ఫోటోకేనమ్మా. ఒక్క నిమిషం."

గొడ్డలి పైకప్పు వాసాల్లో, ఆయనకు అందనంత ఎత్తున దోపి ఉంది. మా వాడు మొద్దు ఎక్కి తీశాడు. "పైకెత్తు," అన్నాను. ఎత్తాడు. ఒకటి తీశాను. వెలుతురు ముఖం మీద పడలేదని ఇటు పక్కకొచ్చి ఇంకోటి తీశాను. "అయిపోయింది," అని కెమెరా సంచిలో పెట్టుకున్నాను. తలెత్తి చూస్తే ఆయన ఇంకా గొడ్డలి ఎత్తే ఉన్నాడు.

చేతులు వణుకుతున్నాయి. నుదుటి మీద చెమట. మా వైపు చూడడం లేదు, ఎటూ చూడడం లేదు. "ఫోటోలంటే బగ్గ ఇష్టం ఉన్నట్టుంది అన్నా," అన్నాడు మా వాడు. నేనూ నవ్వాను. ఆమె వచ్చి కోయభాషలో ఏదో మెల్లగా చెప్తూ ఆయన మణికట్టు పట్టుకుని చేయి దించింది. ఒక్కో వేలు విడిపించి గొడ్డలి తీసుకుని, మొద్దు ఎక్కి మళ్ళీ వాసాల్లో దోపింది. ఇప్పపువ్వు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇదంతా నేను కళ్ళారా చూశాను. వార్తలో ఒక్క ముక్క లేదు. మృత్యువును గెలిచి మళ్ళీ గొడ్డలి పట్టిన అడవి బిడ్డ అని రాశాను. వార్తలు దిద్దే డెస్కు మెచ్చుకుంది.

కోర్టుకు తిరిగి వస్తాను. డాక్టరుగారు అన్ని మాటలు చెప్పినా, జడ్జిగారు టైపిస్టుకు ఇంగ్లిషులో చెప్పి రాయించింది మొదట ఒక్కటే వాక్యం: ఫోటోలో గొడ్డలి ఎత్తి ఉన్నది తన పేషెంటేనని సాక్షి ఒప్పుకున్నారు. బాధితుడి లాయరు వాదించాక ఇంకో వాక్యం కలిసింది: ఫోటో తీసినవారిని విచారించాలని సాక్షి అన్నారు. కోర్టు టైపిస్టులు, పేపరు సబ్ ఎడిటర్లు దగ్గరి చుట్టాలని నాకెప్పుడూ అనిపిస్తుంది. పది నిమిషాల మాటను ఇద్దరూ రెండు లైన్లకు తెస్తారు.

డాక్టరుగారు "ఫోటో తీసిన మనిషిని అడగాలె" అన్నప్పుడు నేను వెనక్కి తిరిగి చూశాను. తలుపు దగ్గరి బెంచీలో భర్త పక్కన ఆమె కూర్చుని ఉంది. నన్నే చూస్తోంది. కోర్టులో అంతమంది ఉండగా ఆ ప్రతినిధి ఎవరో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఇప్పుడు వేలెత్తి చూపిస్తుందేమో అనుకున్నాను. చూపించలేదు. అప్పుడే నేను తల వంచాను.

లేవకపోవడానికి నాకు కారణాలు ఉన్నాయి, అన్నీ నిజమైనవే. పేపరు అనుమతి లేకుండా కోర్టులో మాట్లాడితే ఉద్యోగానికే ముప్పు. రిటైర్మెంటు దగ్గరలో ఉంది. పైగా ఎవరూ నన్ను అడగలేదు. ఇన్ని కారణాలు నాకు తోడుగా ఉన్నాయి. అయినా ఆ బెంచీ మీద అంత ఒంటరిగా నేను ఎన్నడూ లేను.

మధ్యాహ్నం వరండాలో ఆమె ఎదురుపడింది. ఆయన చేయి పట్టుకుని ఉంది.

"నువ్వే గద సారూ ఫోటో తీసింది. లోపల ఎందుకు చెప్పకపోతివి?"

"నువ్వెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"అడగంది మాట్లాడొద్దన్నడు మా లాయరు సారు. నన్నెవరు అడగలె." "నీకు గిట్ల చెప్పిండా ఎవరన్న?" అని అడిగింది.

ఎత్తిపొడుపు కాదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగింది. లేదన్నాను.

ఆ పూట ఇంకా చాలా మాట్లాడింది. రెండేళ్ళ కింద నేను వినని మాటలు. "ఎన్కట నాతోని కొట్లాడేటోడు సారూ. కూరల ఉప్పు తక్కువైతే ఊరంత వినబడేటట్టు కొట్లాడేటోడు. ఇప్పుడు ఉప్పు లేకున్న తింటడు. రెండుసార్లు ఏసినా తింటడు. ఈడ కూసో అంటే కూసుంటడు. మొన్న వాకిట్ల కూసోమన్నది మర్చిపోయి కట్టెలకు పోయిన, వాన పడ్డది. వచ్చేసరికి గట్లనే తడుసుకుంట కూసున్నడు. లోపలికి రా అని ఎవ్వరు చెప్పలె గద. మనిషి ఇంట్ల ఉన్నడు. కానీ నేనొక్కదాన్నే ఉన్న."

ఆయన ఆమె పక్కనే నిలబడి ఇదంతా విన్నాడు. "బాగున్న," అన్నాడు, ఎవరూ అడగకుండానే.

డాక్టరుగారు కోర్టు ముందు హోటల్లో మూల బల్ల దగ్గర ఒక్కరే టీ తాగుతున్నారు. ఎదురుగా కూర్చుని, నేనెవరో చెప్పాను. ఫోటో తీశాక జరిగింది కూడా చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టేశారు. కళ్ళలో ఒక్కసారి వెలుగొచ్చింది.

"దించలేదా? ఎంతసేపు?"

"చూసుకోలేదు సార్. ఆమె వచ్చి దించేదాకా."

"చేతులు వణికినయా? అయినా దించలేదా?"

"లేదు."

"నేను పూటంత కూసోని, గా పరీక్ష గీ పరీక్ష పెట్టి కష్టపడి రాసింది నీ కండ్ల ముందర దానంతట అది జరిగింది," అన్నారు. తరువాత ఆ వెలుగు తగ్గిపోయింది. "మరి నాకెందుకు చెప్తున్నవయ్యా? ఇప్పుడు నేను పోయి విలేకరి గిట్ల చెప్పిండంటే ఎవరింటరు? నేను చదువుకున్నది నేను చెప్పిన. నువ్వు చూసింది నువ్వే చెప్పాలె."

"మా పేపరు ఒప్పుకోదు సార్."

"మా డాక్టర్లు గూడ ఒప్పుకోరు, నేను కోర్టులెంట తిరగడం. లాయర్లతోని తిట్లు తినుడు నీకెందుకంటరు. పెండ్లిళ్ళల్ల నా పక్కకు కూసుంటలేరు." నా టీకి డబ్బులు నేనే ఇచ్చుకోవాలన్నట్టు తన టీకి మాత్రం ఇచ్చి, సంచి భుజానికి తగిలించుకుని వరంగల్ బస్సు కోసం వెళ్ళిపోయారు.

అక్కడి నుంచే ఆఫీసుకు ఫోన్ చేశాను. బ్యూరో ఇన్‌చార్జి నాకంటే చిన్నవాడు, మంచివాడే.

"అన్నా, మన వార్త తప్పని మనమే పోయి కోర్టుల చెప్తమా? సమన్లు రానీ, అప్పుడు లీగల్ వాళ్ళను అడుగుదాం."

"పేరు లేని మనిషికి సమన్లు ఎట్ల వస్తయ్?"

"గదే గదన్నా మనకు మంచిది," అన్నాడు.

సమన్లు రాలేదు. బాధితుడి లాయరు మా ఆఫీసుకు ఒక ఉత్తరం రాశాడని విన్నాను. ప్రతినిధి పేరు చెప్పడం సంప్రదాయం కాదని జవాబు వెళ్ళిందని కూడా విన్నాను. ఆమె నన్ను చూపించినా, ఆ ప్రతినిధి నేనేనని పేపరు ఒప్పుకుంటే తప్ప కాగితం మీద రుజువు లేదు. ఆ సంప్రదాయం నీడలో ఇన్నేళ్ళు బతికాను. ఎవరికైనా కోపం వస్తే ప్రతినిధి మీద వచ్చేది. నేను ఇంటికెళ్ళి నిద్రపోయేవాణ్ణి.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. డాక్టరుగారి విద్వత్తును గౌరవిస్తూనే, ఫోటోను బట్టి క్లెయిముదారు శారీరక శ్రమ చేయగలిగే స్థితిలో ఉన్నట్టు కనిపిస్తోందని, కాబట్టి తోడు మనిషి అవసరం రుజువు కాలేదని కోర్టు అంది. ఆ వార్త నేనే పంపాను. ఐదు లైన్లు. మా ప్రతినిధి అని వచ్చింది.

రిటైరయ్యాక ఖమ్మంలోనే, ఖానాపురం హవేలి అనే పేటలో కిరాయి ఇంట్లో ఉంటున్నాను. మొదటి నెలలో ఫోన్ మోగింది, తరువాత తగ్గింది. వార్తల కోసం ఫోన్ చేసేవాళ్ళు నాకోసం చేస్తున్నారని అనుకునేవాణ్ణి. మాట్లాడే మనిషి లేనప్పుడు మనం మాట్లాడాల్సి ఉండి మాట్లాడని మాటలు గుర్తొస్తాయి. ఒక రోజు పొద్దున్నే భద్రాచలం బస్సెక్కి, అక్కడ మారి చర్ల పోయాను. ఊరు చేరేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది.

ఆమె ఆయనను వెంటబెట్టుకుని పొలంలో ఉంది. ఆయన గట్టు మీద నీడలో, కూర్చోమన్న చోట కూర్చుని ఉన్నాడు. ఆ రోజు చూసిందంతా అఫిడవిట్ రాసిస్తానని చెప్పాను.

"ఇప్పుడెందుకు సారూ?"

"ఉద్యోగం అయిపోయిందమ్మా. ఇప్పుడు ఎవరు ఏమనరు."

"నీదైపోయింది," అంది ఆమె, చేతిలో కొడవలి ఆపకుండా. "నాదున్నది."

ఖమ్మం తిరిగొచ్చి నోటరీ దగ్గర రెండు పేజీలు రాశాను. గొడ్డలి ఎక్కడ దోపి ఉందో, ఎవరు తీశారో, ఎత్తమన్నది ఎవరో, దించింది ఎవరో. కింద నా పేరు, తండ్రి పేరు, వయసు, చిరునామా. ఇంత కాలం రాసినవాణ్ణి, నేను రాసిన దాని కింద నా పేరు చూసుకోవడం అదే మొదలు. అక్షరదోషం ఉందేమోనని మూడుసార్లు చదివాను.

తీర్పు మీద హైకోర్టులో అప్పటికే వేసి ఉన్న అప్పీలుకు ఆమె లాయరు దాన్ని జతచేసి, అదనపు సాక్ష్యంగా తీసుకోవాలని పిటిషన్ వేశాడు. ఇన్సూరెన్సు వాళ్ళు అభ్యంతరం చెప్పారు. ఇంత ముఖ్యమైన సంగతి తెలిసిన వ్యక్తి అదే కోర్టు హాల్లో ఉండి ఎందుకు మౌనంగా ఉన్నాడు, ఇన్నేళ్ళ తరువాత ఎవరి ప్రోద్బలంతో ముందుకొచ్చాడు అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. నేను విలేకరినై ఉంటే నేనూ అదే అడిగేవాణ్ణి. డాక్టరుగారికి ఈ సంగతి ఫోన్లో చెప్తే, మళ్ళీ పిలిస్తే వస్తానన్నారు. ఆయనకు ఇప్పుడు బస్సెక్కడం కష్టంగా ఉంది.

ఆ పిటిషన్ మొదటిసారి విచారణ జాబితాలో వచ్చిన రోజు నేను హైదరాబాద్ వెళ్ళి సాయంత్రం దాకా కూర్చున్నాను. సమయం చాలక వాయిదా పడింది. ఆ తరువాత ఇంతవరకు జాబితాలో రాలేదు.